సైలెన్సరులో పేలుడు

సాయంకాలము వీధి మలుపు దగ్గర ఒక మోటారు సైకిలు వేగము తగ్గించినది. వెంటనే 'ఠప్, ఠప్' మని రెండు పేలుళ్లు. అరుగు మీద కునుకు తీయుచున్న ముసలాయన ఉలికిపడి లేచెను. ఉయ్యాలలోని పసిబిడ్డ ఏడ్పు లంకించుకొన్నది. ఎవరి టైరో పగిలినదని ఇద్దరు ముగ్గురు గుమ్మములలోనుండి తొంగి చూచిరి. టైరు పగులలేదు, బండి తన దారిన తాను పోవుచునే యున్నది. ఇట్టి బండి నడుపువారిలో రెండు తెగలవారు కలరు. ఆ చప్పుడునకు సిగ్గుపడువారు మొదటి తెగ, గర్వపడువారు రెండవ తెగ. ఈ ప్రసంగము ముఖ్యముగా మొదటివారి కొరకు. రెండవవారికి చెప్పవలసిన మాట ఒకటి రెండు తరువాత వచ్చును.

కార్బురేటరు ఉన్న రోజులలో ఈ రోగమునకు మందు ఒక చిన్న స్క్రూడ్రైవరు మొనలో ఉండెడిది. మెకానికు బండి ప్రక్కన గొంతుకూర్చుండి, గాలి స్క్రూను పావు చుట్టు ఇటు, అర చుట్టు అటు త్రిప్పుచు, చెవి యొగ్గి వినెడివాడు. ఇంజను శ్రుతి కుదిరినదని తోచిన చోట చేయి తీసెడివాడు. ఆ విద్య చెవిది, అనుభవముది. తరువాత ఇంజెక్టరు వచ్చినది. ఎలక్ట్రానిక్ పద్ధతిని పెద్ద యెత్తున కార్లలో మొదట ప్రవేశపెట్టినది జర్మనీలో, 1967లో, బాష్ కంపెనీ తయారుచేసిన పరికరముతో ఫోక్స్‌వాగన్ కారులో. మోటారు సైకిళ్లలో 1980లో కవాసాకి వారి వేయి సీ.సీ. బండి దారి చూపినది. మన దేశములో 2006లో హీరో హోండా గ్లామరులోను, 2007లో బజాజ్ పల్సరు 220లోను ఇంజెక్టరు కానవచ్చినది. ఖరీదైన బండ్లకే పరిమితమై యున్న ఆ పద్ధతి, 2020 ఏప్రిల్ 1 నుండి భారత్ స్టేజి ఆరు నిబంధనలు అమలులోనికి వచ్చుటతో, పాలు పోయువాని బండిలోనికి గూడ వచ్చి చేరినది. స్క్రూ పోయినది గాని చప్పుడు పోలేదు. స్క్రూ కనబడక పోవుటచేత నేరమంతయు 'కంప్యూటరు' మీదికి నెట్టుట వాడుకయైనది. నా యెరుకలో ఆ కంప్యూటరు నిజముగా నేరస్థురాలైన సందర్భములు బహు కొద్ది.

ఆ యంత్రము చేయు పని ఏమో ముందు తెలిసికొందము. పెట్రోలు ట్యాంకులో మునిగి ఒక చిన్న విద్యుత్ పంపు ఉండును. తాళము త్రిప్పగనే రెండు మూడు సెకనులు సన్నగా 'జుయ్' మని వినవచ్చు ధ్వని దానిదే. అది పెట్రోలును చాలా బండ్లలో సుమారు మూడు బార్ల ఒత్తిడితో ఇంజెక్టరు దగ్గరకు పంపును. ఇంజెక్టరు అనగా విద్యుత్తుతో తెరచుకొని మూసుకొను ఒక సూక్ష్మమైన కుళాయి. ఇంజను నిమిషమునకు 1,200 చుట్లు నింపాదిగా తిరుగునప్పుడు అది సాధారణముగా సెకనునకు పదిసార్లు, ఒక్కొక్కసారి సెకనులో వేయింట కొద్ది వంతుల సేపు మాత్రమే తెరచుకొనును. ఎంత సేపు తెరువవలెనో నిర్ణయించునది కంప్యూటరు. దానికి కన్నులు చెవులు లేవు. సెన్సరులే దాని ఇంద్రియములు. యాక్సిలరేటరు ఎంత తెరచినారు, లోనికి పోవు గాలి ఒత్తిడి ఎంత, గాలి వేడి ఎంత, ఇంజను వేడి ఎంత, క్రాంకు ఎంత వేగముగా తిరుగుచున్నది అను వార్తలు ఎడతెగక వచ్చుచుండును. చివరి సాక్షి బెండు పైపులో బిగించిన ఆక్సిజన్ సెన్సరు. పొగలో ప్రాణవాయువు మిగిలినదా లేదా యని అది వాసన చూచి చెప్పును.

ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండుటకు బరువులో 14.7 పాళ్ల గాలి కావలెను. గాలి ఎక్కువైనచో మెకానికులు 'లీన్' అందురు, పెట్రోలు ఎక్కువైనచో 'రిచ్' అందురు. పలుచన, చిక్కన అని మనము చెప్పుకొనవచ్చును. పలుచని మిశ్రమము అంటుకొనుటకు మొరాయించును, అంటుకొన్నను మెల్లగా మండును. సిలిండరులో మండవలసినది మండక బయటికి పోయి, వేడి పైపులో గాలి కలిసిన చోట అంటుకొన్నచో, అదియే వీధిలో మనకు వినబడు పేలుడు.

ఇక్కడ ఒక భేదమును గమనింపవలెను. బండి పేలునది ముందునుండియా, వెనుకనుండియా? సీటు క్రింద, గాలి లోనికి పోవు వైపున 'భప్' మని దగ్గినట్లు వినబడినచో అది ఒక వ్యాధి. సైలెన్సరు కొసన 'ఠప్' మన్నచో అది వేరొక వ్యాధి. రెంటిని మనవారు బ్యాక్‌ఫైర్ అనియే పిలుచుటచే వైద్యము గూడ కలగాపులగమగుచున్నది. ముందటి దగ్గు ఎక్కువగా యాక్సిలరేటరు తెరచునపుడు వచ్చును. పెట్రోలు చాలినంత అందకపోవుట, పంపు నీరసించుట, ఫిల్టరు పూడుకొనిపోవుట, ఇన్‌టేకు వాల్వు సరిగా మూసుకొనకపోవుట దాని కారణములు. ఇది అశ్రద్ధ చేయదగినది కాదు. కూడలి దాటుచు యాక్సిలరేటరు ఇచ్చిన క్షణములో బండి దగ్గి ఆగిపోయినచో వెనుక వచ్చు లారీ డ్రైవరునకు మన ఇంజెక్టరు కష్టము తెలియదు గదా! వెనుకటి పేలుడు యాక్సిలరేటరు మూసినపుడు, అనగా వేగము తగ్గించునపుడు గాని పల్లము దిగునపుడు గాని వచ్చును. అది అంత ప్రమాదకరము కాదు గాని దానిలోనే చిక్కులు ఎక్కువ.

యాక్సిలరేటరు ఒక్కసారిగా మూసినప్పుడు గాలి తలుపు మూతపడును. చక్రము మాత్రము ఇంజనును త్రిప్పుచునే యుండును. సిలిండరులోనికి కొద్ది గాలి మాత్రమే పోవును. పాత పొగ దానిలో కలిసి మిశ్రమము చెడును. ప్లగ్గు మెరపు మెరసినను అది అంటుకొనదు. ఈ సంగతి తెలిసియే కంప్యూటరు అట్టి సమయమున ఇంజెక్టరును బొత్తిగా మూసివేయును. అయినను గోడలకు అంటిన పెట్రోలు తడి కొంత మిగులును. మరల పెట్రోలు వదలునపుడు ఒకటి రెండు మార్లు సరిగా మండకయే పోవును. ఆ మండని ఆవిరి కాలుచున్న పైపులోనికి చేరును. అక్కడ ప్రాణవాయువు లేనిచో నిశ్శబ్దముగా బయటికి పోవును, ఉన్నచో పేలును. కనుక వెనుకటి పేలుడునకు అడుగవలసిన మొదటి ప్రశ్న 'పెట్రోలు ఎక్కువైనదా?' అని కాదు, 'పైపులోనికి గాలి ఎక్కడనుండి వచ్చుచున్నది?' అని.

ఈ ప్రశ్న అడుగక పోయినందున మా మేనల్లునికి చేతి చమురు వదిలినది. గుంటూరులో చదువుకొనుచున్న ఆ అబ్బాయికి ఒంటి సిలిండరు 350 సీ.సీ. బండి యున్నది. కొన్న ఏడాదికి పాత సైలెన్సరు తీసివేయించి, గంభీరముగా మ్రోగు పొట్టి సైలెన్సరు ఒకటి పెట్టించినాడు. నెల తిరుగకమునుపే పేలుళ్లు ఆరంభమైనవి. మొదటి షెడ్డువారు ప్లగ్గు మార్చిరి. రెండవ షెడ్డువారు ఇంజెక్టరు పూడినదని చెప్పి దానిని తీసి కడిగి బిగించిరి. చప్పుడు పోలేదు సరిగదా, పెట్రోలు ఖర్చు పెరిగినది. మూడవచోట ఒకరు, కంప్యూటరునకు ఎక్కువ పెట్రోలు పోయుమని చెప్పు చిన్న పెట్టె ఒకటి వైర్ల మధ్య తగిలించిరి. దానితో సైలెన్సరు కొస మసిబారి నల్లనైనది, పేలుళ్లు మాత్రము రెట్టింపైనవి. కంప్యూటరే మార్చవలెనను మాట వినబడిన నాడు అతడు నాకు టెలిఫోను చేసినాడు. నాకు తెలిసిన ఒక వృద్ధ మెకానికు దగ్గరకు ఇద్దరము పోతిమి.

ఆయన బండి స్టార్టు చేయలేదు, చుట్టును ఒకమారు తిరిగి చూచి, "ఏం బాబూ, ఈ సైలెన్సరు ఎప్పుడు మార్పించావు?" అని అడిగెను.

"ఆరు నెలలయింది బాబాయ్."

"మార్చినప్పుడు లోపల రింగు ప్యాకింగు కొత్తది వేశారా?"

"ప్యాకింగా? అదేమిటో నాకు తెలియదు. సైలెన్సరు ఒక్కటే కొన్నాను."

ఆయన బెండు పైపు ఇంజనుకు అతుకు చోట వ్రేలు పెట్టి చూపెను. వెండ్రుక వెడల్పున నల్లని మసి గీత యొకటి. మసి బయటికి వచ్చిన త్రోవనే గాలి లోనికి పోవును. ఇంజను ఊపిరి అలలు అలలుగా నడచును. ఒక అల పొగను నెట్టును, దాని వెనుక క్షణకాలము పైపులో శూన్యము వంటిది ఏర్పడి బయటి గాలిని పీల్చుకొనును. ఆ సందునుండి పోయిన గాలి రెండు పాపములు చేసినది. యాక్సిలరేటరు మూసినప్పుడు మండని ఆవిరికి ప్రాణవాయువు నిచ్చి పేల్చుట మొదటిది. రెండవది ఇంకను సూక్ష్మమైనది. ఆ గాలి ఆక్సిజన్ సెన్సరు ముక్కు దగ్గరగా పోవుటచేత సెన్సరు 'మిశ్రమము పలుచనైనది, పెట్రోలు చాలుట లేదు' అని కంప్యూటరునకు వార్త పంపినది. కంప్యూటరు దానిని నమ్మి పెట్రోలు పెంచినది. పెట్రోలు ఖర్చు పెరిగిన రహస్యమిదియే. దానిమీద ఆ పెట్టె ఇంకను పోయించినది. అబద్ధపు సాక్షిని నమ్మిన న్యాయాధిపతి వలె కంప్యూటరు ధర్మము తప్పక తప్పు తీర్పు చెప్పినదన్నమాట.

ఇట్టి సందును ఇంటివద్దనే కనిపెట్టవచ్చును. ఇంజను చల్లగా నున్నప్పుడు సబ్బు నీటిని కుంచెతో అతుకులమీద పూసి, స్టార్టు చేసి, వెంటనే చూడవలెను. పైపు వేడెక్కకమునుపే సందు ఉన్న చోట బుడగలు లేచును. సైలెన్సరు కొసను మందపాటి తడిగుడ్డతో, చేతికి తొడుగు వేసికొని, కొంతవరకు అడ్డగించినచో 'చిస్' మను ధ్వని గూడ ఆ చోటునుండి వినబడును. ఇదంతయు ఆరుబయటనే చేయవలెను. తలుపులు మూసిన గదిలోగాని, కారు షెడ్డులోగాని ఇంజను నడపరాదు. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు, ప్రాణము తీయును. ఇక పైపును విప్పిన ప్రతిసారియు ప్యాకింగు రింగు క్రొత్తది వేయవలెను. ఒకమారు నలిగిన రింగు మరల పట్టు ఇయ్యదు.

బయటి అతుకులన్నియు బాగున్నను పేలుడు పోకపోయినచో మరికొన్ని అనుమానములు కలవు. ఇంజను పొగను శుభ్రపరచుటకై చాలా బండ్లలో ఒక చిన్న గొట్టముద్వారా శుభ్రమైన గాలిని కావలెననియే పొగదారిలోనికి వదలుదురు. యాక్సిలరేటరు మూసినపుడు ఆ గాలిని ఆపుటకు ఒక వాల్వు ఉండును. అది సరిగా మూసుకొననిచో ఇంటి దొంగ వలె లోపలనుండియే గాలి నందించును. దీనిని అనుమానించు మెకానికులు తక్కువ. గొట్టమును కొంతసేపు బిగించి చూచినచో చప్పుడు మారునో లేదో తెలియును. అది పరీక్ష మాత్రమే; శాశ్వతముగా మూయుట తగదు. ఎగ్జాస్టు వాల్వు ట్యాపెట్టు మరీ బిగువైనచో వాల్వు పూర్తిగా మూసుకొనక మండుచున్న వాయువు పైపులోనికి జారును. సందు ఎంత ఉండవలెనో ఒక్కొక్క ఇంజనుకు ఒక్కొక్క లెక్క. కంపెనీ పుస్తకములో చూచి, చల్లని ఇంజనులో రేకు కొలతతో సరిచేయవలెను. ప్లగ్గు క్యాపు, కాయిలు బలహీనపడినను మిశ్రమము మండకయే పోవును.

బ్యాటరీని గూడ మరువరాదు. కార్బురేటరు బండి బ్యాటరీ చచ్చినను తన్నుడు తన్ని నడిపించితిమి. ఇంజెక్టరు బండికి ఆ సదుపాయము లేదనియే చెప్పవలెను. బ్యాటరీ ఊరక యున్నప్పుడు మీటరులో సుమారు 12.6 వోల్టులు, ఇంజను నడచునప్పుడు 13.5 మొదలు 14.5 వరకు చూపవలెను. తగ్గినచో పంపు నీరసించును, ఇంజెక్టరు ఆలస్యముగా తెరచుకొనును. ఎక్కడో పంపులో లోపమున్నట్లు కనబడును గాని అసలు లోపము బ్యాటరీ కొనల మీది తెల్లని పొడిలో ఉండును.

గాలి లోనికి పోవు వైపున థ్రాటిలు బాడీకిని ఇంజనుకును నడుమ ఒక రబ్బరు గొట్టము కలదు. ఎండకు, వేడికి అది బీటలు వారును. అప్పుడు బండి నిలుచున్న చోటనే ఇంజను వేగము దానంతటది పెరుగుచు తరుగుచు ఉండును. దాని మీద కొద్దిగా నీరు చిలికించి చూడుడు. ఇంజను ధ్వని మారినచో బీట ఉన్నట్లే. కొందరు ఈ పరీక్షకు పెట్రోలు చిలుకుదురు. ప్రక్కన ఇంజను కాలుచుండగా పెట్రోలు చిలుకువారిని చూచి నేను రెండడుగులు వెనుకకు జరుగుదును.

సెన్సరుల వంతు ఇవన్నియు అయిన తరువాతనే. మీటరు బోర్డు మీద ఇంజను బొమ్మ దీపము వెలిగి ఆరనిచో షెడ్డులో స్కానరు తగిలించి తప్పు సంఖ్యను చదివించవలెను. ఆ సంఖ్య చెప్పునది ఏ వార్త తప్పుగా వచ్చుచున్నదో గాని, ఏ వస్తువు చెడినదో కాదు. ఆక్సిజన్ సెన్సరు సంఖ్య వచ్చిన మాత్రమున సెన్సరు కొనరాదు. మా మేనల్లుని బండిలో వలె అది చూచినది చూచినట్లు చెప్పియుండవచ్చును. ఆరోగ్యముగా నున్న సెన్సరు, ఇంజను వేడెక్కిన పిమ్మట, పదింట ఒక వంతు వోల్టునకును పదింట తొమ్మిది వంతులకును మధ్య చకచక ఊగుచుండును; ఒకచోట బిగుసుకొని యున్నచో విచారింపవలెను. యాక్సిలరేటరు సెన్సరు చాలా బండ్లలో మూసినప్పుడు సుమారు అర వోల్టు, పూర్తిగా తెరచినప్పుడు నాలుగు వోల్టులకు పైన చూపును. మెల్లగా త్రిప్పుచున్నప్పుడు అంకె మెట్టు మెట్టుగా గాక నునుపుగా ఎక్కవలెను. నడుమ ఒకచోట దుమికినచో బండి సరిగా ఆ వేగమున తొట్రుపడును. ఇంజను వేడిని చెప్పు సెన్సరు పొరబడి 'ఇంకను చల్లగానే యున్నది' అని చెప్పుచుండినచో, కంప్యూటరు తెల్లవారు జామున పోసినట్లు మధ్యాహ్నము గూడ పెట్రోలు పోయుచుండును. నల్లని పొగ వచ్చును.

సైలెన్సరు మార్చినవారికి ట్యూనింగు అవసరము లేదా యని అడుగవచ్చును. కొన్ని బండ్లకు అవసరమే. పొగదారి వెడల్పైనపుడు ఇంజను పీల్చు గాలి మారును. కంప్యూటరులోని పట్టిక కంపెనీ సైలెన్సరు కొరకు వ్రాసినది. నెమ్మదిగా పోవునప్పుడు ఆక్సిజన్ సెన్సరు చెప్పినట్లు అది సర్దుకొనును గాని, పూర్తి యాక్సిలరేటరులో అనేక బండ్లలో సెన్సరు మాట వినక పట్టికనే అనుసరించును; అక్కడ మిశ్రమము పలుచనగును. సరియైన ట్యూనింగు అనగా బండిని రోలరు యంత్రము మీద నడిపించి, మిశ్రమమును కచ్చితముగా కొలుచు వెడల్పు శ్రేణి సెన్సరు తగిలించి, ఒక్కొక్క వేగమునకు ఒక్కొక్క అంకె దిద్దుట. కొలత లేకుండ తగిలించు పెట్టెలు, సెన్సరు స్థానమున పెట్టు నకిలీ ముక్కలు ట్యూనింగు కావు. అవి కంప్యూటరు కన్నులకు గంతలు కట్టును.

ఇప్పటి పెట్రోలును గూర్చి గూడ ఒక మాట. 2025 నాటికి మన బంకులలో నూటికి ఇరువది పాళ్లు ఇథనాలు కలిసిన పెట్రోలు సర్వసాధారణమైనది. ఇథనాలు మండుటకు గాలి తక్కువ చాలును. ఆ కలయికకు 14.7 పాళ్లకు బదులు సుమారు 13.5 పాళ్లు సరిపోవును. అనగా పాత లెక్కనే పెట్రోలు పోసినచో మిశ్రమము పలుచనగును. ఆక్సిజన్ సెన్సరు గల బండి దీనిని తనంతట సవరించుకొనును. సెన్సరు లేని పాత ఇంజెక్టరు బండ్లు, కార్బురేటరు బండ్లు సవరించుకొనలేవు. క్రొత్తగా పేలుళ్లు ప్రారంభించిన పాత బండి విషయములో ఈ సంగతిని తలచుకొనవలెను. ఇథనాలు తేమను గూడ పీల్చును. వానకాలమంతయు కదలక నిలిచిన బండి ట్యాంకులో అడుగున నీరు చేరియుండుట వింత కాదు.

గర్వపడువారికి చెప్పెదనన్న మాట ఇదిగో. పైపులో పేలునది మీరు డబ్బిచ్చి కొన్న పెట్రోలే. అది క్యాటలిటిక్ కన్వర్టరులోని ప్లాటినము, పలాడియము పూసిన జల్లెడను కాల్చి కరిగించును. ఆ వస్తువు ఖరీదు విన్నచో గంభీర నాదము మీది మోజు కొంత తగ్గును. దానిని పీకి పారవేసితిమందురా, మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను బండిని ఇష్టానుసారముగా మార్చుటను నిషేధించుచున్నది. ధ్వని, పొగ నిబంధనలు మీరినచో 190వ సెక్షను క్రింద, 2019 సవరణ తరువాత, పదివేల రూపాయల వరకు జుల్మానా గాని, మూడు నెలల వరకు ఖైదు గాని, రెండును గాని పడవచ్చును. పట్టుకొన్న సైలెన్సరులను రోడ్డు మీద వరుసగా పేర్చి రోలరుతో తొక్కించిన దృశ్యములను పలు నగరములలో జనులు చూచియే యున్నారు.

గుంటూరు బండికి ఆ వృద్ధ మెకానికు క్రొత్త ప్యాకింగు రింగు వేసి, బోల్టులను రెండు ప్రక్కల సమముగా బిగించి, పెట్టెను విప్పి అబ్బాయి చేతిలో పెట్టెను. తరువాత ఇరువది నిమిషములు ఊరి వెలుపలికి నడిపించుకొని వచ్చినాము. పేలుళ్లు నూటికి తొంబది పాళ్లు పోయినవి. బాగుగా వేగము నుండి ఒక్కసారిగా తగ్గించినప్పుడు మాత్రము లోపల ఎక్కడో పేలాలు వేగినట్లు సన్నని చిటపటలు మిగిలినవి.

"ఇవి కూడా పోవాలంటే ఏం చెయ్యాలి బాబాయ్?" అని అబ్బాయి అడిగెను.

"కంపెనీ సైలెన్సరు ఏం చేశావు?"

"అటక మీద ఉంది."

"అయితే దింపు. దానికి కూడా కొత్త రింగు ఒకటి కొనుక్కురా. ఈ రింగు మళ్లీ పనికిరాదు."